మజ్జిగలో గంటసేపు

గంటసేపు నానాలి అని చీటీలో ఉంది. నా రాతే, కోడి గెలికినట్టుంటుంది. మిర్చి యార్డులో తూకం చీటీ వెనక్కి తిప్పి, సెల్లు చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, బస్తా మీద పెట్టి రాసుకున్నది. నాలుగింటికి చికెన్ ముక్కలు మజ్జిగలో వేశాను, ఇప్పుడు నాలుగూ పది. ముందు గదిలో మా అమ్మాయి ఫెబా పడుకుని ఉంది, గచ్చు మీద, దిండు లేకుండా, గోడవైపు తిరిగి. నిద్రపోతోందో మేలుకుని ఉందో తెలియదు. మూడు రోజులుగా ఇంతే. లేస్తుంది, రెండు ముద్దలు తింటుంది, వాళ్ళమ్మతో ఏదో గొణుగుతుంది, మళ్ళీ గోడవైపు తిరుగుతుంది. రాత్రి పదకొండింటికి బండి. టికెట్ గూట్లో బైబిలు కింద ఉంది. ఆ టికెట్ తీసింది నేనే, పిల్ల ఇంటికి రాకముందే తీశాను. హైదరాబాదు నుంచి వచ్చిన పిల్ల గడప లోపల రెండో కాలు పెట్టకుండానే, చేతిలో సంచి అందుకుంటూ, శనివారం రాత్రికి రిటర్న్ తీసేశానమ్మా, కింద బెర్తు దొరికింది అన్నాను. ఏదో ఘనకార్యం చేసినవాడిలా నవ్వాను కూడా. అది నా ముఖంలోకి చూసి, చెప్పులు విప్పి, లోపలికి పోయి పడుకుంది. అప్పటినుంచి నాతో మాట లేదు. నీ నోటికి కాటా లేదయ్యా, ఎంత పడితే అంత పోస్తావు అని పుల్లమ్మ పెళ్ళయినప్పటినుంచీ అంటూనే ఉంది. నువ్వే చెడగొట్టావు, నువ్వే మాట్లాడించుకో, నన్ను మధ్యలోకి లాగొద్దు అని చెప్పి పొద్దున పనికి పోయింది.

గిన్నె మీద మూత తీశాను. తీయకూడదేమో, చీటీలో ఏమీ లేదు. గుప్పున వాసన. పుల్ల మజ్జిగ, అందులో తేజా రకం మిరప కారం, వెల్లుల్లి. ఈ వాసన నాకు బాగా తెలుసు. వంటింటిది కాదు, కూరది కాదు, ఇంకెక్కడిదో. మూత పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుని, మోకాళ్ళు పట్టుకుని ఆలోచిస్తే తట్టింది. సాయంత్రంపూట పుల్లమ్మ చేతుల వాసన ఇది. ఏటుకూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీ వెనక షెడ్డులో మిరపకాయలకి తొడిమలు తీస్తుంది నా భార్య. పొద్దున ఎనిమిదింటికి కూర్చుంటే సాయంత్రం అయిదున్నర దాకా ఒక్కో కాయా, చిటుక్, చిటుక్. ఇరవై రెండేళ్ళు. ఇంటికి రాగానే సత్తు బేసిన్లో మజ్జిగ పోసుకుని మణికట్ల దాకా ముంచి కూర్చుంటుంది. ఆ పావుగంటా ఎవరూ ఆమెని పలకరించకూడదు, నేను తప్ప అందరూ ఆ రూలు పాటిస్తారు. ఫెబా పసిగుడ్డుగా ఉన్నప్పుడు ఒక సీజన్ మొత్తం పుల్లమ్మ దాని ముఖం ముట్టుకోలేదు. పాలిచ్చేటప్పుడు మా అమ్మ పిల్లని పట్టుకుని కూర్చునేది, ఈమె రెండు చేతులూ గాల్లోకి ఎత్తి ఉంచేది, ఎవరో తుపాకీ చూపించినట్టు. ముద్దు పెట్టాలంటే చేతులు వీపు వెనక దాచుకుని వంగేది. నాకు అప్పుడు నవ్వొచ్చేది. ఇప్పుడు రావట్లేదు. అయిదారేళ్ళు వచ్చాక ఆ పిల్లే అన్నం కలిపి వాళ్ళమ్మకి తినిపించేది. చిన్న చేతులు, పెద్ద ముద్దలు, పట్టక మూతి పక్కన కారిపోతుంటే, నమలమ్మా, ముందు నమలు అని గదమాయించేది. మండే చేత్తో కూరన్నం కలుపుకుంటే ఇంకా మండుతుంది కదా. మా ఇంట్లో అమ్మ పిల్లకి గోరుముద్దలు పెట్టలేదు, పిల్లే అమ్మకి పెట్టింది.

ఆ చేతులు చూసే నేను ఒట్టు పెట్టుకున్నాను, నా కూతురు చెయ్యి మిరపకాయ ముట్టకూడదని. ఇంటరు అయ్యాక ఇంగ్లీషు మాట్లాడే కోర్సులో చేర్పించాను. హైదరాబాదులో గాజు తలుపుల పెద్ద షాపులో, లోపలంతా ఏసీ, నెత్తిన టోపీ, చికెన్ వేయించి అమ్మే పని వచ్చింది. యార్డులో మా కమీషన్ కొట్టు ముందు నిలబడి వచ్చేపోయే రైతులందరికీ చెప్పాను. నేను చదివింది ఎనిమిది. నాకు తెలిసిందల్లా బస్తాలో చెయ్యి పెట్టి ఓ గుప్పెడు తీసి, ఒక కాయ చెవి దగ్గర ఆడించి గింజ గలగలలాడితే ఆరింది, లేకపోతే తేమ అని చెప్పడం. దాని మొదటి ఫోను డిసెంబర్లో వచ్చింది, చేరిన వారానికి. గొంతు ఎంత హుషారుగా ఉందో! నాన్నా, ఇక్కడ స్పైసీ చికెన్ శాండ్‌విచ్ అని ఒకటుంది, రాసుకో, రాసుకో. శాండ్‌విచ్ అంటే మూడు మూలల బ్రెడ్డు కదమ్మా అన్నాను. కాదు నాన్నా, గుండ్రటి బన్ను. రొమ్ము ముక్క మజ్జిగలో నానేస్తారు. పొడి పిండిలో దొర్లించి, చల్లటి నీళ్ళలో ముంచి, ఏడు లెక్కపెట్టి, మళ్ళీ పిండిలో వేసి మడతపెట్టినట్టు పైకీ కిందకీ కలపాలి, అప్పుడే పొలుసులు పొలుసులుగా లేస్తుంది. అదంతా సరేగానీ ఎందుకమ్మా ఇది రాసుకోవడం అంటే, అమ్మకి నాన్నా అంది. కాగితంలో చుట్టి ఇస్తారు, కాగితంతోనే పట్టుకుని కొరుక్కోవచ్చు, చేతికి ఏమీ అంటదు, సీజన్లో అమ్మకి ఎవరూ పెట్టక్కర్లేదు, వచ్చినప్పుడు నేను చేస్తా. అందుకని రాసుకున్నాను. అందుకే ఆ చీటీ ఆరు నెలలుగా నా చొక్కా జేబులోంచి చొక్కా జేబులోకి మారుతూ వచ్చింది, రెండుసార్లు సబ్బునీళ్ళలో కూడా పడింది.

నాలుగూ ఇరవై. కరెంటు పోయింది. ఫ్యాను ఆగిపోతున్న చప్పుడు వినపడింది, ముందు గదిలో గాజుల చప్పుడు కూడా. తిరిగి పడుకుందేమో. మే నెల ఎండకి తలుపు ఇనుము కాలిపోతోంది, ఈ పిల్ల మాత్రం మణికట్ల దాకా చేతులున్న చుడీదారే వేసుకుంటోంది. హైదరాబాదు ఫ్యాషనేమోలే అనుకున్నాను. వేసవికి యార్డు నెల రోజులు మూసేస్తారు. ఆ నెలలో నా ఒళ్ళు ఎక్కడెక్కడి నొప్పులూ బయటపెడుతుంది, పని ఉన్నన్నాళ్ళూ దాచిపెట్టుకున్నవన్నీ. పొద్దున బుడాన్ చికెన్ కొట్టుకి నడిచి వెళ్ళొచ్చేసరికే ఆయాసం. ఎముక లేకుండా రొమ్ము ముక్కలు కావాలయ్యా అంటే కత్తి పక్కన పెట్టి నవ్వాడు. ‘ఎముక లేకుండా ఏందన్నా, పళ్ళూడినయ్యా? రొమ్ము నువ్వు పట్టుకుపోతే మిగతా కోడికి పెళ్ళి చెయ్యనా?’ పలచగా కొట్టివ్వు అన్నాను. ‘అప్పడాలు వేయిస్తావా?’ అమ్మాయికిరా అన్నాను. అప్పుడు నవ్వడం మానేసి, శ్రద్ధగా, కత్తి వెనకవైపుతో కొట్టిచ్చాడు. బేకరీలో తియ్యబన్ను తప్ప ఇంకోటి లేదు, ఎర్రవీ పచ్చవీ పండు ముక్కలు పెట్టిన బన్ను. కొనుక్కొచ్చి, మధ్యాహ్నం అంతా వంటింటి గడపలో కూర్చుని ఆ ముక్కలు గోటితో ఒక్కోటీ గిల్లి తీశాను. మూడు బన్నులకి నలభైయో యాభైయో. తీస్తుంటే నడుం పట్టేసింది, గోరు చివర పచ్చి చేసింది. మూడు బన్నులకే. పుల్లమ్మ రోజుకి ఎన్ని వేల కాయలు గిల్లుతుందో నేను ఎప్పుడూ లెక్కేయలేదు, ఆమె కూడా చెప్పలేదు.

రెండో ఫోను సంగతి తలుచుకోకూడదనే ఈ వంట మొదలుపెట్టాను నిజానికి. చేతులకి పని ఉంటే బుర్ర ఊరుకుంటుందని. ఊరుకోదు. మార్చి పదిహేనో పదహారో, సీజను ముదిరి ఉంది, యార్డంతా లారీలు, వేలంపాట అరుపులు, నా పక్కన హమాలీలు బస్తాలు దించుతున్నారు. ఫెబా చేసింది. నాన్నా, చేతి మీద నూనె పడింది. గొంతు సన్నగా ఉంది, గోలలో సరిగా అందలేదనుకోవడానికి లేదు, బాగానే అందింది. వచ్చేస్తాను నాన్నా, రెండు రోజులు ఇంట్లో ఉంటాను. నేను ఏమన్నాను? అరిచాను, అందరికీ వినపడేట్టు. ‘నూనేగా! మజ్జిగ రాసుకో! మీ అమ్మ ఇరవై రెండేళ్ళ నుంచి రాసుకుంటానే ఉంది, ఒక్కపూట పని మానిందా? ఏసీలో ఉద్యోగం, ఇంకేం కావాలే నీకు?’ పక్కన హమాలీ ఒకడు, బాగా చెప్పావు బావా అన్నాడు. నాకూ బాగానే చెప్పాననిపించింది. అవతల నుంచి, సరే నాన్నా అంది. ఆ తర్వాత ఫోన్లన్నీ వాళ్ళమ్మకే. మా ఇంట్లో చేతులు మండటం అంటే సాయంత్రం దీపం పెట్టినంత మామూలు సంగతి. ఎవరికైనా చేతులు మండితే బేసిన్ వైపు చూపిస్తాం, పొద్దున మళ్ళీ పనికి పంపిస్తాం. నాకు వేరే వైద్యం తెలియదు. ఎంత పడింది, ఎక్కడ పడింది, ఎవరైనా పక్కన ఉన్నారా అని అడగాలని, ఇదిగో, రెండు నెలలకి, స్టూలు మీద కూర్చుని, చెమటలు కారుతుంటే తడుతోంది నాకు.

మజ్జిగ. అయిదు కావస్తుండగా, ఉన్నట్టుండి లేచి నిలబడ్డాను. మూలన తడిగుడ్డ కప్పిన కుండలో మజ్జిగ పుల్లమ్మ చేతుల కోసం చిలికి పెట్టుకున్నది. నేను అందులోంచే వంచాను, మొత్తం, అడుగు దాకా. అయిదున్నరకి ఆమె వస్తుంది. చీటీలో మజ్జిగ అని ఉంటే మజ్జిగ కనపడిందని పోసేశాను. కుండలోకి చూశాను, మళ్ళీ చూశాను. పక్కింటి ఖుర్షిదాని అడగాలి. చెంబు తీశాను. చెంబు గట్టుకి తగిలి ఠంగుమంది. అంతే, ముందు గదిలో అలికిడి.

ఫెబా వంటింటి గుమ్మంలో నిలబడింది. జుట్టంతా రేగి, చెంప మీద గచ్చు గీతలు. నా వైపు కాకుండా గిన్నె వైపు చూస్తూ గాలి పీల్చింది.

‘అమ్మ అప్పుడే వచ్చిందా?’

మూడు రోజుల తర్వాత మొదటి మాట. నేను కదల్లేదు, కదిలితే పోతుందేమోనని. లేదమ్మా అన్నాను.

‘మరి అమ్మ చేతుల వాసన వస్తోందేంటి?’ అంటూ మూత తీసి చూసింది. గట్టు మీద మైదా పళ్ళెం, గోటిగాట్లు పడ్డ బన్నులు, ఆ చీటీ. చీటీ చేతిలోకి తీసుకుని చదివింది. సబ్బునీళ్ళకి సగం అక్షరాలు పోయాయి, అయినా చదివింది, ఏడు లెక్కపెట్టు దగ్గర పెదాలు కదిలాయి. నేను అప్పుడే గ్రహించాను నేను చేసిన ఇంకో తెలివితక్కువ పని. అక్కడ పొద్దస్తమానం ఇదే వేయించి వేయించి అలిసిపోయి వచ్చిన పిల్లకి ఇదే వేయించి పెట్టబోతున్నాను. నాతో పాటు యార్డులో ఉండేవాడు నాకు విందని పిలిచి మిరపకాయలు తూకం వేసి చూపించినట్టు.

‘కారం ఎంత వేశావు?’

‘నాలుగు గరిటెలు.’

‘తేజానా?’

‘గుంటూర్లో పుట్టి ఇంకేం వేస్తామే?’

ముక్కు మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది. గట్టిగా కాదు, ఊపిరి వదిలినట్టు. ‘అక్కడ కారమే ఉండదు నాన్నా. ఎర్రగా ఉంటుంది, అంతే. ఉత్త రంగు. చిన్నపిల్లలు కూడా తింటారు. ఇది తింటే మనిషి లేస్తాడా?’ నాకు తెలియలేదమ్మా అన్నాను. ముప్పై ఏళ్ళుగా మిరప దుమ్ము పీలుస్తున్న నాలుకకి నాలుగు గరిటెలు ఏమాత్రం. ‘జరుగు, నువ్వు పిండి ఉండలు కట్టించావు’ అంటూ పళ్ళెం తన వైపు లాక్కుంది. ఒక చెయ్యి పొడిది, ఒక చెయ్యి తడిది, రెండూ కలపకూడదు, ఇది కూడా చెప్పాను, నువ్వు రాసుకోలేదు అంటూ, మాటల్లో పడి, అలవాటు కొద్దీ, కుడిచేతి చుడీదారు చెయ్యి మోచేతి పైకి లాగింది.

మణికట్టు నుంచి మోచేతి దాకా. చర్మం చర్మంలా లేదు. గులాబీరంగుగా, మెరుస్తూ, ముడతలు పడి, కొన్నిచోట్ల తెల్లగా. నూనె చింది పడ్డ చుక్కలు అనుకున్నాను నేను ఇన్నాళ్ళూ. పోపు పెడుతుంటే పడతాయే, అలాంటివి. నేను చూస్తున్నానని ఫెబా గమనించింది, చెయ్యి కిందకి లాక్కోబోయింది, వేళ్ళకి పిండి ఉంది, మానేసింది. ముక్క తీసి పిండిలో దొర్లించింది. నీళ్ళలో ముంచింది. ఒకటి, రెండు, మూడు అని లోపల లెక్కపెట్టుకుంటోంది, పెదాల మీద తెలుస్తోంది. నా చెయ్యి దానంతటదే ముందుకి పోయింది, దాని చేతిని ముట్టుకోబోయి ఆగింది. కారం కలిపిన చెయ్యి. కడిగినా పోదు. పుల్లమ్మ గాల్లోకి ఎత్తిపెట్టినట్టు నేనూ నా చెయ్యి గాల్లోనే ఉంచాను.

‘ఎప్పుడమ్మా?’

‘ఫోను చేసిన రోజే.’

‘మజ్జిగ...’ అన్నాను. ఎందుకన్నానో. నా నోరు కదా.

‘హాస్టల్లో మజ్జిగ ఎక్కడిది నాన్నా’ అంది. కోపం కూడా లేదు గొంతులో, అంత అలసట. ఏడు లెక్క అయ్యింది కాబోలు, ముక్కని మళ్ళీ పిండిలో వేసి పైకీ కిందకీ మడతపెట్టింది. నేను పొయ్యి మీద పెట్టిన మూకుట్లో నూనె కాగిన చప్పుడుకి ఒక్క అడుగు వెనక్కి వేసింది. నేను చూశాను. నేను వేయిస్తాను, నువ్వు చెప్పు అన్నాను. అది నా వెనక నిలబడి చెప్పింది, పక్కనుంచి జార్చు, నీ వైపు నుంచి అవతలికి, తిప్పకు, ఇప్పుడే తిప్పకు, ఇప్పుడు తిప్పు. పొలుసులు లేచాయి. ఇంట్లో ఇద్దరికీ తుమ్ములు. నాకు తుమ్ము వచ్చి ఎన్నేళ్ళయిందో. బన్ను రెండుగా కోసి, నేను వడకట్టి పెట్టిన గట్టి పెరుగు రాసి, క్యాబేజీ తరుగు పరిచి, ముక్క పెట్టి, పాత క్యాలెండర్ కాగితంలో, తెల్లవైపు లోపలికి వచ్చేట్టు, రెండు మడతల్లో చుట్టేసింది. ఆ మడతలు మాత్రం నాకు రావు. ఎంత తొందరగా చుట్టిందో, ఎన్ని వందలు చుట్టిందో.

పుల్లమ్మ వచ్చింది. చేతులు ఒంటికి దూరంగా పెట్టుకుని నడుస్తూ, గుమ్మంలోనే దగ్గి, ‘ఏందయ్యా ఈ ఘాటు, షెడ్డు ఇంట్లోకి తెచ్చావా?’ అంది. తర్వాత కూతురి చెయ్యి చూసింది, పైకి లాగి ఉన్న బట్ట చూసింది, నన్ను చూసింది. ‘చూపించిందా? నేను మొదటి రాత్రే చూశాను. చెప్పొద్దని ఒట్టేయించుకుంది. నువ్వెప్పుడు అడుగుతావా అని చూస్తన్నా.’ ఫెబా కాగితం పొట్లం వాళ్ళమ్మ చేతికి ఇచ్చింది. ‘పట్టుకో అమ్మా, చేతికేం అంటదు.’ పుల్లమ్మ గడపలో కూర్చుని, రెండు చేతుల్తో కాగితాన్ని పట్టుకుని కొరికింది. ఎవరూ పెట్టకుండా. కళ్ళలోంచి నీళ్ళు, ముక్కులోంచి నీళ్ళు. ‘కారం సరిపోలేదు’ అంది. ఫెబా ఈసారి గట్టిగానే నవ్వింది.

ముగ్గురం అక్కడే కూర్చుని తిన్నాం. కరెంటు రాలేదు. బన్ను తియ్యగా, ముక్క నిప్పులా, ఎవరం బాగుందని అనలేదు, ఎవరం వదల్లేదు. గూట్లో బైబిలు కింద నుంచి టికెట్ చివర బయటికి కనపడుతోంది. నాకు చెప్పాలని ఎన్ని మాటలో. ఆ షాపు వాళ్ళకి ఉత్తరం రాద్దాం, ఇంకో షాపు చూద్దాం, ఇక్కడే ఏదైనా పెడదాం, తప్పయిందమ్మా, మీ అమ్మ చేతులు చూసే నేను, ఇవన్నీ నాలుక చివర దాకా వచ్చాయి. మింగాను. ముప్పై ఏళ్ళలో మొదటిసారి కాయని చెవి దగ్గర ఆడించి నేనే తేల్చేయకుండా, బస్తా ఎవరిదో వాళ్ళనే అడిగాను.

‘రాత్రి బండి సంగతేంటమ్మా?’

కాగితం ఉండ చుట్టి గిన్నెలో పడేసింది. ‘వెళ్ళను నాన్నా.’

‘సరే’ అన్నాను.

ఇంకేమైనా అంటానేమోనని ఇద్దరూ నా వైపు చూశారు. అంతే అన్నాను.

చెంబు తీసుకుని ఖుర్షిదా ఇంటికి పోయి మజ్జిగ తెచ్చాను. సత్తు బేసిన్లో పోశాను. పుల్లమ్మ కళ్ళు మూసుకుని రెండు చేతులూ ముంచింది. ఫెబా పక్కన గొంతుక్కూర్చుంది. కాసేపు చూసి, కుడిచెయ్యి నెమ్మదిగా దించింది, వాళ్ళమ్మ చేతుల పక్కన, మోచేతి దాకా ముంచాలని.

‘నీదెప్పుడో మానిపోయిందిగా, ఇప్పుడెందుకే?’ అంది పుల్లమ్మ, కళ్ళు తెరవకుండా.

‘నాన్న రాసుకోమన్నాడుగా. ఇవాళ్టికి దొరికింది.’

‘ఎంతసేపు ఉంచుతావు?’

‘గంట. చీటీలో ఉంది.’

పుల్లమ్మ చేతులు కొంచెం పక్కకి జరిపి చోటిచ్చింది. మోచేతి దగ్గర మచ్చ ఇంకా బయటే ఉంది, మజ్జిగ అక్కడిదాకా రాలేదు. చెంబులో అడుగున మిగిలింది కూడా వంచాను.